బడికి వచ్చిన ఉత్తరములు



మీలో అనేకులు సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ వైపునుండి బస్సెక్కి హైదరాబాదు వచ్చినవారే. పట్నము వచ్చినదని తెలిపెడి మొదటి పెద్ద కూడలి ఎల్.బి. నగర్. అక్కడ బస్సు సగము ఖాళీ యగును. మూటలు దించుకొనువారు, ఆసుపత్రికి త్రోవ అడుగువారు, కుమారుని హాస్టలులో చేర్చుటకు ట్రంకుపెట్టెతో వచ్చిన తండ్రులు, అందరును అక్కడనే దిగుదురు. అక్కడనుండి దిల్‌సుఖ్‌నగర్ కొద్ది దూరమే. 2018 సెప్టెంబరు నుండి ఆ రెంటి నడుమ మెట్రో రైలు కూడ నడుచుచున్నది.

ఆ పేర్లను మనము ప్రతిదినము పలుకుచున్నాము గాని వాటి అర్థమును తలంచుట లేదు. దిల్‌సుఖ్‌నగర్ అనునది దిల్‌సుఖ్ రాం ప్రసాద్ అను భూస్వామి పేర వెలసినది. నేడు మేడలున్న చోట ఆనాడు ఆయన పొలములుండెను. ఎల్.బి. నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. అది మన రెండవ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు. ఆయన 1964 జూన్ మాసమున ప్రధానియై, 1966 జనవరి 11న తాష్కెంటు నగరములో కన్నుమూసెను. ఆ కొద్దికాలములోనే దేశమునకు రెండు కష్టములు కలిసి వచ్చెను. ఒకటి 1965లో పాకిస్తానుతో యుద్ధము, రెండవది తిండిగింజల కొరత. అప్పుడాయన "జై జవాన్, జై కిసాన్" అని దేశమునకు ఒక మాట ఇచ్చెను. సిపాయిని, రైతును ఒక్క ఊపిరిలో చేర్చి పలికెను. పల్లెలో నివసించు మనకు ఇది వింత కాదు. మన ఇండ్లలో వారిద్దరును ఒకే తల్లి కడుపున పుట్టినవారు. అన్న నాగలి పట్టును, తమ్ముడు తుపాకి పట్టును.

ఒక సైనిక నినాదమును పలికినవాని పేరుగల ఆ కూడలినుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు నడిచి చూడుడి. వీధులనిండ హాస్టళ్లు, కోచింగు కేంద్రములు. కానిస్టేబులు పరీక్షకు, ఎస్.ఐ. పరీక్షకు, సైన్యములో చేరుటకు సిద్ధపడు పల్లె పిల్లలు అక్కడ ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి కాపురముందురు. వారు ఏ ఊరివారో మీరెరుగుదురు. మీ సంఘపు పిల్లలే.

ఆ దారిలోనే విక్టోరియా మెమోరియల్ అను పేరుగల మెట్రో స్టేషను కలదు. నిజాము కాలములో అనాథ పిల్లల కొరకు స్థాపించిన గృహమును, దాని పాఠశాలను బట్టి దానికి ఆ పేరు వచ్చినది. ఆ పేరును చదువునప్పుడెల్లను ఒక తలంపు వచ్చును. తల్లిదండ్రులున్న పిల్లవాడు దూరదేశము వెళ్లినయెడల ఇంటికి ఉత్తరము వ్రాయును. ఇల్లులేని పిల్లవాడు ఎవరికి వ్రాయును? తనకు అక్షరములు నేర్పిన బడికి వ్రాయును. మన మిషను హాస్టళ్లలో పెరిగినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అనేకులకు బడియే ఇల్లు, పంతులుగారే తండ్రి, వంటమనిషియే తల్లి.

సైన్యమునకు వెళ్లిన యువకులు తమ వెనుక విడిచిన ఇంటికిని బడికిని వ్రాసిన ఉత్తరములను గూర్చి నేడు మీతో మాటలాడ గోరుచున్నాను. యుద్ధముల చరిత్రను రాజులును సేనాధిపతులును వ్రాయించుకొందురు. అయితే ఆ ఉత్తరములలో వేరొక చరిత్ర ఉన్నది. దానిని చదివినవారికి ఒక వింత కనబడును. చావు దగ్గరనున్నవాడు తనకొరకు అడుగుకొనునది బహు తక్కువ. అతడు పిల్లలను గూర్చియు, వారి చదువును గూర్చియు అడుగును.

మొదట, వందేండ్లకు పైగా వెనుకకు వెళ్లుదము.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు మన దేశపు సిపాయిలు పది లక్షలకు మించి సముద్రములు దాటిరి. వారిలో సుమారు 1,40,000 మంది ఫ్రాన్సు దేశమునకు వెళ్లిరి. హైదరాబాదు నుండి నిజాము గుఱ్ఱపు పటాలము ఈజిప్టునకు పోయి సూయెజు కాలువను కాచెను, 1918లో పాలస్తీనా దేశమందును ఉండెను. బైబిలులో మనము చదువు ఊళ్ల పేర్లను ఈ దక్కను రౌతులు కన్నులార చూచి వచ్చిరి.

ఫ్రాన్సులో నున్న మన సిపాయిలు 1915 మార్చి నాటికి వారమునకు 10,000 నుండి 20,000 ఉత్తరములు వ్రాయుచుండిరి. వారిలో ఎక్కువమందికి చదువురాదు. కందకములో చలికి వణకుచు, లేదా ఆసుపత్రి మంచముమీద పడియుండి, చదువు వచ్చిన తోటివానిని బతిమాలి వ్రాయించుకొనిరి. ఆ ఉత్తరము సముద్రము దాటి పల్లెకు వచ్చినప్పుడు ఇంటివారికిని చదువురాదు. తపాలా తెచ్చినవాడో, బడి పంతులో చదివి వినిపించవలెను. కాబట్టి ఒక మనుష్యుని హృదయములోని మాట ఇద్దరి నోళ్లగుండ తల్లి చెవికి చేరెను. కొడుకు తల్లితో ఒంటరిగా మాటలాడు భాగ్యము చదువులేని యింటికి లేదు.

వీరిద్దరు చాలరన్నట్లు నడుమ మూడవవాడొకడు కూడ ఉండెను. ప్రభుత్వము ఫ్రాన్సులోని బూలోన్ పట్టణములో ఒక కార్యాలయము పెట్టి, హావెల్ అను దొరను దానికి అధికారిగా నియమించెను. సిపాయిల ఉత్తరములను విప్పి చదివి, కొన్నిటిని ఆంగ్లములోనికి మార్చి పై అధికారులకు పంపుటయే వారి పని. వారు ఆనాడు అనుమానముతో వ్రాసిపెట్టుకొన్న ప్రతులే నేడు మనకు మిగిలినవి. తల్లులు దాచుకొన్న కాగితములు చెదలకును వానలకును పోయినవి. అనుమానించినవారి బీరువాలలోనివి నిలిచినవి. దేవుడు దేనిని దేనికి వాడుకొనునో చెప్పజాలము.

తమ ఉత్తరములను ఎవరో చదువుచున్నారని సిపాయిలకు తెలియును. అందుచేత మారుమాటలు వాడిరి. నల్ల మిరియములు చాల ఖర్చయి పోవుచున్నవని ఒకడు వ్రాసెను. ఇంటివారు దానిని వంటింటి మాటగా తీసికొనలేదు. నల్ల మిరియములనగా మన సిపాయిలు, ఎఱ్ఱ మిరపకాయలనగా తెల్ల సిపాయిలు. మనవారు ఎందరు పడిపోవుచున్నారో తెలుపుటకు మిరియముల డబ్బా తప్ప అతనికి వేరు భాష లేకపోయెను.

అయితే ఆ ఉత్తరములలో మన హృదయములను తాకవలసినది వేరొకటి కలదు. ఫ్రాన్సు పల్లెలలో మగవారు యుద్ధమునకు పోగా, స్త్రీలే పొలము దున్నుచు, అంగడి నడుపుచు, లెక్కలు వ్రాయుచు, పత్రికలు చదువుచుండిరి. మన సిపాయిలు అది చూచి ఆశ్చర్యపడిరి. అప్పుడు కొందరు తమ ఇండ్లకు ఏమని వ్రాసిరనుకొందురు? మన పిల్లలను బడికి పంపుడి, ఆడపిల్లలను కూడ పంపుడి, వారికి చదువు లేకపోవుటచేతనే మనము వెనుకబడితిమి అని వ్రాసిరి. వారు బడి గుమ్మము తొక్కినవారు కారు. తమ మాటను తాము వ్రాయలేనివారు. గుండ్లు కురియుచుండగా, వేరొకని చేతితో, ఇంటిలోని ఆడపిల్లను బడికి పంపుమని వ్రాయించిరి. ఆ మాటకు ఎన్ని ఇండ్లు విధేయత చూపెనో లెక్క వ్రాసినవారు లేరు. అయినను ఆ విత్తనము పడెను.

ఈ పనిలో మన క్రైస్తవ సంఘమునకు కూడ కొంత భాగము కలదని చెప్పుటకు సంతోషించుచున్నాను. వై.ఎం.సి.ఎ. వారు ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను సిపాయిల కొరకు గుడారములు, పాకలు వేసి, కాగితము, కలము, వెచ్చని తేనీరు ఇచ్చి, వ్రాయరానివారికి తామే కూర్చుండి ఉత్తరములు వ్రాసి పెట్టిరి. 1916లో ఆ సంస్థకు జాతీయ ప్రధాన కార్యదర్శియైన మొదటి భారతీయుడు కె.టి. పాల్ గారు. 1905లో శ్రీరాంపురములో జాతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో ఆయనయు, మన దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారును ఉండిరి. అజరయ్యగారు కూడ బిషప్పు కాకమునుపు అనేక సంవత్సరములు వై.ఎం.సి.ఎ. సేవకులే. ప్రసంగించుట ఘనమైన పని యని మనమందరము ఎంచుదుము. పరదేశములో ఒక గాయపడిన అన్యమతస్థుని ప్రక్కన మోకరించి, అతని మాటను అతని తల్లికి వ్రాసిపెట్టుట ప్రసంగముకంటె తక్కువదని ఎవడు చెప్పగలడు?

రెండవ ప్రపంచ యుద్ధము 1939లో వచ్చెను. అది ముగియునప్పటికి మన దేశపు సైన్యములో సుమారు 25 లక్షల మంది ఉండిరి. తెలుగుదేశములో పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దగ్గరనున్న మాధవరమును జనులు నేటికిని మిలిటరీ మాధవరమని పిలుచుచున్నారు. రెండు ప్రపంచ యుద్ధములకును ఆ ఊరివారు వెళ్లిరి. ఇంటికొక సిపాయి యున్నాడని ఆ ఊరికి పేరు.

మన హైదరాబాదు కూడ ఆ యుద్ధకాలములో శిక్షణ స్థలమాయెను. బేగంపేట విమానాశ్రయములో యువకులకు విమానము నడుపు మొదటి పాఠములు నేర్పిరి. ఈ నగరములో 1923లో పుట్టి, నిజాం కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ అను కుర్రవాడు పద్దెనిమిదేండ్ల ప్రాయమున, 1941లో, వైమానిక దళములో చేరెను. శిక్షణ ముగించి, ఇంగ్లాండు వెళ్లి అక్కడి యుద్ధ విమానములను నడుపుట నేర్చుకొని, తరువాత బర్మా యుద్ధములో పాల్గొనెను. 1978 నుండి 1981 వరకు ఆయనయే మన వైమానిక దళమునకు అధిపతి. పద్దెనిమిదేండ్లవాడు మొదటి దినమున శిక్షణ మైదానములో నిలువబడినప్పుడు, వాడు రేపు ఏమగునో అతని పంతులుకు తెలియదు, అతనికిని తెలియదు.

ఆ యుద్ధకాలములోనే అమెరికాలో ఒక ఉపాధ్యాయుడు చేసిన పనిని మీకు చెప్పవలెను. శాన్ డియాగో అను సముద్రతీర పట్టణములో ఉపాధ్యాయులను తయారుచేయు కళాశాలగా మొదలైన ఒక విద్యాలయము కలదు. అందులో లారెన్ పోస్ట్ అను ఆయన భూగోళశాస్త్రము చెప్పుచుండెను. యుద్ధము రాగానే ఆయన శిష్యులు ఒకరి వెనుక ఒకరు శిక్షణ శిబిరములకు పోయిరి. నిన్న పటములో దేశములను చూపి నేర్పిన పిల్లలు, రేపు ఆ దేశములలోనే యుద్ధము చేయుటకు వెళ్లుచున్నారు. "నాకు వ్రాయుడి" అని ఆయన వారిని అడిగెను. వారు వ్రాసిరి. శిక్షణ శిబిరములనుండి, ఓడలనుండి, దీవులనుండి వ్రాసిరి. కవాతు గూర్చి, తిండి గూర్చి, వాన గూర్చి, కలిసికొన్న పాత స్నేహితుని గూర్చి వ్రాసిరి.

ఆయన ఆ ఉత్తరములను చదివి పెట్టెలో దాచుకొని ఊరకుండినయెడల మనము ఈనాడు ఆయన పేరు ఎత్తకుందుము. వాటిలోని సమాచారమును కూర్చి ఆయన ఒక చిన్న పత్రికగా అచ్చువేసి, ఎక్కడెక్కడ శిష్యులుండిరో అక్కడికెల్ల తిరిగి పంపెను. 1942 నుండి 1946 వరకు అట్టివి 48 సంచికలు వెలువడెను. ఎవడు ఎక్కడ ఉన్నాడు, ఎవడు చెరపట్టబడెను, ఎవడు మరణించెను అనునది అందులో ఉండెను. ఒంటరిగా వ్రాసిన ఒక్కొక్కని ఉత్తరము ఆ విధముగా అందరి ఉత్తరమాయెను. ఆయన వద్ద సైన్యము లేదు, ధనము లేదు. ఒక ఉపాధ్యాయునికి శిష్యుల పేర్లు జ్ఞాపకముండుట అను ఒక్క వరమే ఉండెను. ఆ వరమును ఆయన నాలుగు సంవత్సరములు విసుగక వాడెను.

ఇప్పుడు మన కాలమునకు, మన నగరమునకు తిరిగి వత్తము.

1999 మే, జూన్, జూలై మాసములలో కార్గిల్ కొండలమీద యుద్ధము జరిగినది మీకు జ్ఞాపకముండును. శత్రువులు కొండ శిఖరములమీద ఉండిరి. మనవారు క్రిందనుండి, రాత్రివేళ, మంచులో, నిలువు రాళ్లను ఎక్కవలసి వచ్చెను. ద్రాస్ ప్రాంతములో జూన్ 28 రాత్రి జరిగిన పోరాటములో రెండవ రాజపుతానా రైఫిల్స్ అను పటాలమునకు చెందిన ముగ్గురు యువ అధికారులు తమ ప్రాణములను అర్పించిరి. ముగ్గురును ఇంటికి ఉత్తరములు వ్రాసి యుండిరి.

మొదటివాడు మన హైదరాబాదువాడు, మేజర్ పద్మపాణి ఆచార్య. ఒరిస్సా మూలముగల కుటుంబము. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకొని, మద్రాసులోని అధికారుల శిక్షణ కేంద్రములో శిక్షణ పొంది, 1994లో అధికారి యయ్యెను. ఆయన తండ్రియు వైమానిక దళములో అధికారిగా పనిచేసినవారే. యుద్ధమునకు వెళ్లునాటికి ఆయన భార్య గర్భవతి. జూన్ 19న ఆయన తండ్రికి ఒక ఉత్తరము వ్రాసెను. చనిపోవువారి సంఖ్యను చూచి భయపడవద్దనియు, పోరాడుట జీవితములో దొరకు గొప్ప గౌరవమని అమ్మకు చెప్పుమనియు వ్రాసి, చివర ఒక్క మనవి చేసెను. తన భార్యకు దినమునకొక మహాభారత కథ చెప్పుడి, దానివలన పుట్టబోవు మీ మనుమనికో మనుమరాలికో మంచి గుణములు అబ్బును అని అడిగెను. తొమ్మిది దినముల తరువాత ఆయన లేడు. ఆ బిడ్డ తండ్రిని చూడకయే పుట్టెను. ఇది గమనించుడి. కొండక్రింద చావు ఎదురుచూచుచుండగా ఆ తండ్రి తన బిడ్డకు ఆస్తి వ్రాయలేదు, పాఠము వ్రాసెను. ఇంకను కన్ను తెరువని బిడ్డకు బడి పెట్టి పోయెను. తిమోతి నమ్మకము అతని అవ్వయైన లోయి యొద్దను, తల్లియైన యునీకే యొద్దను మొదలైనదని మనము చదువుదుము గదా. ఏ యింటి బిడ్డయైనను మొదటి పాఠము ఇంటిలోనే వినును.

రెండవవాడు మన విశ్వాసమువాడు. నాగాలాండు రాష్ట్రములో కొహిమా దగ్గర నెర్హెమా అను కొండ పల్లెలో క్రైస్తవ కుటుంబములో పుట్టిన కెప్టెన్ కెంగురూసె. ఆయన సైన్యములో చేరకముందు, 1994 నుండి 1997 వరకు, కొహిమాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు. సుద్దముక్క పట్టిన చేతితో తుపాకి పట్టెను. 1998 డిసెంబరులో శిక్షణ ముగిసి అధికారి యయ్యెను. ఆరు మాసములు తిరిగి వచ్చుసరికి కార్గిల్ కొండమీద ఉండెను. నిలువు బండమీద బూట్లు జారుచుండగా, పదునారువేల అడుగుల ఎత్తున, గడ్డకట్టు చలిలో, బూట్లు విప్పి వట్టి కాళ్లతో ఎక్కెను. అక్కడనే పడిపోయెను. వయస్సు 24 సంవత్సరములు. తాను తిరిగి రాకపోవచ్చును, రాకపోయినను దుఃఖపడవద్దు, దేశమునకు నా శక్తికొలది ఇచ్చుటకు ముందే నిశ్చయించుకొన్నాను అని తండ్రికి అంతకుముందు వ్రాసి యుండెను. ఆ పంతులుగారియొద్ద చదివిన పిల్లలను తలంచుడి. రెండేండ్ల క్రిందట తమకు పాఠము చెప్పినవాని పేరును వారు పత్రికలో చదివిరి. ఆయన వారికి చెప్పిన చివరి పాఠము నల్లబల్లమీద వ్రాసినది కాదు.

మూడవవాడు కెప్టెన్ విజయంత్ థాపర్. వయస్సు 22 సంవత్సరములే. అతడును 1998 డిసెంబరులోనే శిక్షణ ముగించినవాడు. తాను మరణించినయెడల ఇంటికి పంపవలెనని ఒక ఉత్తరము వ్రాసి తోటివారియొద్ద ఉంచెను. అందులో అతడడిగిన కోరికలలో రెండింటిని వినుడి. అనాథాశ్రమమునకు కొంత ధనము ఇయ్యుడి. కాశ్మీరులో తాను ఎరిగిన ఒక చిన్న బాలికకు నెలకు 50 రూపాయలు మానక ఇయ్యుడి. ఆ బాలిక తన తండ్రిని ఉగ్రవాదులచేత పోగొట్టుకొన్నది. భయముచేత దాని నోట మాట కూడ రాకుండెనట. యుద్ధమధ్యమున ఈ యువకుడు ఆ బిడ్డకు స్నేహితుడాయెను. దానికి ఇచ్చు ఏబది రూపాయలు తన మరణముతో ఆగిపోవునేమో అనునదే అతని చింత.

ఒకడు హిందూ సంప్రదాయములో పెరిగిన హైదరాబాదువాడు, ఒకడు నాగా క్రైస్తవుడు, ఒకడు ఉత్తర దేశపువాడు. ముగ్గురును ఒకే రాత్రి ఒకే కొండయొద్ద మరణించిరి. వారిలో ఒకడు పుట్టబోవు బిడ్డకు కథ అడిగెను, ఒకడు మూగవోయిన బిడ్డకు ఏబది రూపాయలు అడిగెను, ఒకడు తానే పిల్లలకు పాఠము చెప్పి వచ్చినవాడు. ఫ్రాన్సు కందకములలో చదువురాని సిపాయి ఆడపిల్లను బడికి పంపుమన్నాడు. ఎనుబదియైదు సంవత్సరములు గడిచినను అడిగినది ఒక్కటే.

ఇక చివరిగా మన రహదారిమీదనే ఒక పేరు కలదు. ఎల్.బి. నగర్ నుండి విజయవాడ దారిలో వెళ్లినయెడల సూర్యాపేటలో కర్నల్ సంతోష్ బాబు గారి విగ్రహము కనబడును. ఆయన విజయనగరము దగ్గరనున్న కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి. ఆ పాఠశాల 1962 జనవరిలో మొదలైనది. అదే సంవత్సరము అక్టోబరులో చైనాతో యుద్ధము వచ్చెను. పల్లె పిల్లలను చిన్ననాడే చేర్చుకొని, చదువుతోపాటు సైనిక క్రమశిక్షణ నేర్పుటకు ఆ బడి ఏర్పడినది. 2020 జూన్ 15 రాత్రి లడఖ్ లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కూడ 20 మంది మన సైనికులు మరణించిరి. ఆయనకు మరణానంతరము మహావీర చక్రమును ప్రకటించిరి. పద్మపాణి ఆచార్యకును, కెంగురూసెకును లభించినదియు అదే పతకము. కోరుకొండ బడిలో ఆరవ తరగతి పిల్లలు నేటికిని ఆ పేరు విని పెరుగుచున్నారు. బడికి వచ్చిన ఉత్తరములలో ఇది కాగితములేని ఉత్తరము.

చదువరులారా, మీరు అడుగుదురు: ఇదంతయు మాకేల? మా పిల్లలకు సెల్ ఫోనులున్నవి గదా, ఉత్తరములెందుకు?

చెప్పుదును వినుడి. 2022 జూన్ 14న ప్రభుత్వము అగ్నిపథ్ అను క్రొత్త పద్ధతిని ప్రకటించెను. పదునేడున్నర ఏండ్లు నిండినవాడు అగ్నివీరుడుగా నాలుగు సంవత్సరములు సైన్యములో చేరును. ఆ పిమ్మట నూటికి ఇరువదియైదుగురిని మాత్రమే నిలుపుకొందురు. ఆ పద్ధతి మంచిదో కాదో తేల్చుట ఈ వ్యాసము పని కాదు. అయితే ఆ పిల్లవాని ప్రాయమును తలంచుడి. మీ సంఘములో నిన్నటివరకు క్రిస్మసు నాటకములో గొఱ్ఱెలకాపరి వేషము వేసినవాడు, నేడు వేకువజామున నాలుగు గంటలకు లేచి, ఎరుగని భాషలో కేకలు వినుచు కవాతు చేయుచున్నాడు. శిక్షణ కేంద్రములలో ఫోను వాడుకకు హద్దులుండును. దొరికిన ఐదు నిమిషములలో అతడేమి చెప్పును? "బాగున్నానమ్మా" అని చెప్పును. తల్లియు "బాగున్నాము నాయనా" అని చెప్పును. ఇద్దరును దాచుకొన్నది దాచుకొన్నట్లే ఉండును.

ఫోనులో విన్న మాట గాలిలో పోవును. ఉత్తరమైతే అంగీ జేబులో ఉండును. రాత్రి దీపమార్పకముందు మరల చదువవచ్చును. మంచు కొండమీద కూడ మడత విప్పవచ్చును. పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాసిన రెండవ ఉత్తరము చూడుడి. మంచి సైనికుని సంగతి ఆయన ఎత్తినది ఆ ఉత్తరములోనే. ఆ వృద్ధ సైనికుడు చివర ఏమి అడిగెను? విడిచివచ్చిన తన అంగీని, పుస్తకములను, చర్మపు కాగితములను తెమ్మనెను. చలికాలమునకు ముందుగా రమ్మనెను. అపొస్తలునికి కూడ చలివేసెను, ఒంటరితనము కలిగెను. ఆ సంగతి మనకు తెలియుట ఆయన ఉత్తరము వ్రాయుటచేతనే గదా.

సైనికునికి వ్రాయుట కష్టము కాదు. అతని నంబరు, హోదా, పేరు, పటాలము పేరు వ్రాసి, 56 ఏ.పి.ఓ. అనియో 99 ఏ.పి.ఓ. అనియో అతడు చెప్పిన సంఖ్య వేసినయెడల చాలును. ఊరు, జిల్లా వ్రాయనక్కరలేదు. అతడెక్కడనున్నది శత్రువునకు తెలియకుండునట్లు సైన్యపు తపాలా శాఖ ఆ ఉత్తరమును తానే వెదకి చేర్చును. ఆ శాఖ 1972 మార్చి 1 నుండి సైన్యములో ప్రత్యేక దళముగా ఉన్నది. మంచు శిఖరముమీద కాపలా యున్నవానికి కూడ వారు ఉత్తరము మోసికొని పోవుదురు.

మన సంఘములలో ప్రతి ఆదివారము సైనికుల కొరకు ప్రార్థన చేయుచున్నాము. మంచిది. అయితే "సైనికులు" అని మూకుమ్మడిగా ప్రార్థించుట సులభము. మన సంఘపు పిల్లవాని పేరెత్తి ప్రార్థించి, ఆ సాయంకాలమే అతనికి ఒక ఇన్లాండు కవరు వ్రాయుట వేరు. నేనును ఈ విషయములో దోషినే. వ్రాయవలెనని తలంచి, రేపని వాయిదావేసి, వ్రాయక విడిచిన ఉత్తరములు నా మనస్సులో అనేకము కలవు. వాటిలో కొన్నిటికి ఇప్పుడు చిరునామా లేదు.

బడి పంతుళ్లైన సహోదరులారా, మీ హాజరు పట్టీలో పేరున్న పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో విచారించుడి. అతని ఉత్తరము వచ్చినయెడల తరగతిలో బిగ్గరగా చదువుడి, పిల్లలచేత జవాబు వ్రాయించుడి. అంతకుమించిన వ్యాసరచన పాఠము లేదు. తల్లులారా, మీకు వ్రాయుట రానియెడల మీ మనుమరాలిచేత వ్రాయించుడి. ఫ్రాన్సు కందకములలోని సిపాయి అడిగినది అదే గదా, ఆడపిల్లకు చదువు. ఆ పిల్ల మీకొరకు అక్షరము వ్రాయుచుండగా అతని మనవి మీ యింట నెరవేరినదని ఎరుగుడి.

హైదరాబాదులో గోల్కొండ కోట ప్రక్కన ఫిరంగి దళపు శిక్షణ కేంద్రము కలదు. సికిందరాబాదులోను సైన్యపు శిక్షణ కేంద్రములు కలవు. అక్కడ పంజాబు పిల్లలు, ఒరిస్సా పిల్లలు, కొండ దేశముల పిల్లలు శిక్షణ పొందుచున్నారు. వారి తల్లులకు మన నగరమే పరదేశము. మన పిల్లలు వారి దేశములలో ఉన్నారు. కావున ఈసారి మీరు ఎల్.బి. నగర్ కూడలిలో బస్సు దిగినప్పుడు, ఒక్క నిమిషము నిలిచి, ఆ పేరులోని జవానును, కిసానును తలంచుడి. ఇంటికి వెళ్లిన తరువాత దీపము దగ్గర కూర్చుండి మొదటి వాక్యము వ్రాయుడి. "నాయనా, ఇక్కడ అందరము క్షేమము. బడి నడుచుచున్నది. పిల్లలు చదువుచున్నారు."

అతడు తెలిసికొన గోరునది అదియే.